బండి కడగడానికి ఏది మేలు: ఇంటి బకెట్టా, షెడ్డులోని ప్రెషర్ పంపా?

దసరా ఆయుధపూజకు ముందురోజు మోటారుసైకిళ్లన్నీ వాటర్ సర్వీసింగ్ షెడ్ల ముందు బారులు తీరతాయి. నడుము వంచే పని లేకుండా పావుగంటలో పంపు మట్టినంతా ఎగరగొట్టేస్తుంది. అదే బండిని ఇంటి దగ్గర మూడు నాలుగు బకెట్ల నీటితో కడగాలంటే గంట పడుతుంది. సమయమే లెక్కయితే షెడ్డుదే గెలుపు. నేను మాత్రం కొన్నేళ్లుగా బకెట్టునే నమ్ముకున్నాను. అందుకు కారణం, కడిగిన నీరు బండిలో ఎక్కడికి చేరుతుందన్న ప్రశ్న.

చక్రాల బేరింగులు, హ్యాండిల్ తిరగడానికి దాని కింద ఉండే కోన్ సెట్, వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు గ్రీజు మీద ఆధారపడి పనిచేస్తాయి. వాటిని కాపాడే రబ్బరు సీళ్లు వాననీటిని, చక్రం చిమ్మే నీటిని ఆపగలవు గాని, జానెడు దూరం నుంచి సూటిగా తగిలే ధారను తట్టుకోలేవు. ఆ ధార సీలు అంచును దాటితే లోపలి గ్రీజు నీటితో కలిసి మజ్జిగలా తెల్లబడుతుంది, పట్టు కోల్పోతుంది, క్రమంగా ఉక్కు గుండ్లకు తుప్పు పడుతుంది. ఈ నష్టం కడిగిన రోజున కనబడదు. నెలకు రెండుసార్లు షెడ్డులో కడిగించిన రోజుల్లో నా బండి హ్యాండిల్ తిప్పుతుంటే సరిగ్గా మధ్యలో పట్టేసినట్లు ఆగడం మొదలైంది. మెకానిక్ విప్పి చూపినప్పుడు కోన్ సెట్ గుండ్లు ఎర్రగా తుప్పుపట్టి ఉన్నాయి. కొత్త సెట్టు వేయించక తప్పలేదు.

కొన్ని షెడ్లలో చివరిగా ఇంజిను మీద డీజిల్ చల్లుతారు. దానివల్ల వచ్చే మెరుపు ఒక్కరోజు ముచ్చటే, ఆ జిడ్డుకు మరునాటికే దుమ్ము అంటుకుంటుంది. ఆ తుంపర రబ్బరు భాగాలను ఉబ్బిస్తుంది, బ్రేకు డిస్కు మీద పడితే బ్రేకు పట్టు తగ్గిపోతుంది. ప్రాణంతో ముడిపడిన విషయం కనుక, షెడ్డుకు వెళ్లినవారు డీజిల్ వద్దని ముందే గట్టిగా చెప్పాలి.

అలాగని ఇంట్లో ఎలా కడిగినా మేలేనని అనలేము. బట్టల సబ్బుపొడికి క్షారగుణం ఎక్కువ, అది పెయింటు మీది పాలిష్ పొరను లాగేస్తుంది. వాహనాల కోసం చేసిన షాంపూ ఒక బకెట్టుకు మూత నిండా సరిపోతుంది కాబట్టి ఖర్చు కూడా పెద్దగా పెరగదు. ట్యాంకు మీద సన్నని గీతలు పడేది చాలావరకు మన చేతిగుడ్డలోని ఇసుకవల్లనే. అందుకే షాంపూ నీటికి ఒక బకెట్టు, గుడ్డ జాడించడానికి మరొకటి పెట్టుకొని, చక్రాలు తుడిచిన గుడ్డను ట్యాంకుకు తాకించకుండా ఉండాలి. ఇంజిను వేడి చల్లారాక, నీడలో కడగాలి. బోరు నీటిలో ఉప్పు ఎక్కువగా ఉండే ఊళ్లలో ఎండలో కడిగితే తుడిచేలోపే తెల్లమచ్చలు కట్టేస్తాయి. మెరుపులేని మ్యాట్ రంగు బండికి పాలిష్ పట్టించకూడదు, పట్టిస్తే అక్కడక్కడా నిగనిగలాడే మచ్చలు మిగులుతాయి.

చైను విషయంలో పెట్రోలు, కిరోసిన్, చైన్ క్లీనర్ మూడింటిలో పెట్రోలును ముందే పక్కన పెట్టాలి. లింకుల మధ్య రబ్బరు వలయాలుండే ఓ-రింగ్ చైనులోని ఆ రబ్బరును అది పాడుచేస్తుంది, పైగా నిప్పు భయం. కిరోసిన్‌ను మెత్తని బ్రష్షుతో పూసి వెంటనే తుడిచేస్తే పని జరుగుతుంది, కానీ ఇప్పుడది దొరకడమే కష్టం. ఓ-రింగ్ చైనుకు పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న క్లీనరే నిశ్చింత. శుభ్రం చేశాక ఆరనిచ్చి చైన్ లూబ్ గాని, 90 గ్రేడు గేర్ ఆయిలు గాని వేయాలి.

పంపుకు నేను ఒప్పుకునే చోటు ఒకటుంది. పొలం దారుల్లో నల్లరేగడి మడ్‌గార్డు లోపల గట్టిపడి చక్రాన్నే పట్టేసే వానాకాలంలో మగ్గు నీళ్లు చాలవు. అప్పుడు కూడా ధారను నాలుగడుగుల దూరం నుంచి మడ్‌గార్డు అడుగుకూ టైర్లకూ మాత్రమే పరిమితం చేసి, చక్రాల నడిమి హబ్బులు, చైను, హ్యాండిల్ స్విచ్చులు, సైలెన్సర్ మూతి వైపు మళ్లకుండా దగ్గరుండి చూసుకోవాలి. ఎక్కడ కడిగినా, పొడిగుడ్డతో తుడిచి, మెల్లగా నడుపుతూ రెండు బ్రేకులనూ కొన్నిసార్లు నొక్కి, పట్టు తిరిగి వచ్చిందని తెలిశాకే పెద్ద రోడ్డు ఎక్కాలి.