నాలుగు తీగలా, ఐదు తీగలా?

తిరుపతి, చిత్తూరు పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటార్ మొదలుపెట్టే కుర్రాళ్ళు నన్ను తరచూ అడిగేది ఇదే.

ఖర్చు: ఐదు తీగలదైతే గిటారే కాదు, తీగల సెట్ కూడా ధర ఎక్కువే. నాలుగు తీగలది సెకండ్ హ్యాండ్‌లో తేలిగ్గా దొరుకుతుంది.

చేతి పని: నాలుగు తీగలదానికి మెడ సన్నం, చెయ్యి హాయిగా తిరుగుతుంది. ఐదు తీగలదాంట్లో అదనంగా ఉండే లావు తీగ మనం ముట్టకపోయినా పక్క తీగల అదురుకి మోగుతుంది. బొటనవేలు దానిమీద ఆనించి ఉంచాలి. నాకు ఆ అలవాటు రావడానికి నెలలు పట్టింది.

శ్రుతి: అసలు తేడా ఇక్కడే. నాలుగు తీగల్లో అట్టడుగు స్వరం 'ఈ', సుమారు 41 హెర్ట్జ్. ఐదోది 'బీ', దాదాపు 31కి దిగుతుంది. చిత్తూరులో ఒక రిసెప్షన్‌లో గొంతు పట్టేసిన గాయని, "అన్నా, ఈ పాట అర శ్రుతి దించుదాం" అంది. పాట 'ఈ'లో ఉంది, అర శ్రుతి దించితే నా నాలుగు తీగల అట్టడుగు స్వరం కన్నా కిందికి పోతుంది. డ్రమ్మర్ కర్రలు కొట్టి లెక్క మొదలుపెట్టేశాడు, నేనింకా తీగ వదులు చెయ్యడానికి కీలు తిప్పుతున్నా! ఐదో తీగ ఉంటే చెయ్యి జరిపితే సరిపోయేది.

రిస్క్: మండపాల్లోని చిన్న బాక్సులు ఆ 31ని పలికించలేవు, బురబురమంటాయి.

గంగజాతర స్టేజీ, పెద్ద సబ్‌లు (లోతు స్వరాలు పలికే స్పీకర్లు), పూటకో గాయకుడు అయితే ఐదు. ఇంకా నేర్చుకుంటున్నా, ఒకే ట్రూప్‌తో తిరుగుతున్నా నాలుగు చాలు. బస్సులో వెళ్ళే రోజు నా భుజాన ఇప్పటికీ నాలుగు తీగలదే.