మల్లిక్ బజార్‌లో అంబాసిడర్ స్విచ్చుల వేట

మా నాన్నగారు కొన్న 1995 నాటి అంబాసిడర్‌లో, డ్యాష్‌బోర్డు మీద వరుసగా ఉండే నల్లటి ప్లాస్టిక్ స్విచ్చుల్లో హెడ్‌లైటుది, వైపరుది విరిగి లోపలికి జారిపోయాయి. గాజువాక ఆటోనగర్‌లోను, విజయవాడ ఆటోనగర్‌లోను అడిగిన ప్రతిచోటా బోర్డు కోసి బజారులో దొరికే గుండ్రటి స్విచ్చు బిగించేద్దామన్నారే తప్ప, అదే రకం వెతికి పెడతామన్నవారు లేరు. ఇన్నేళ్లుగా గీత పడని బోర్డును కోయనివ్వడం నాకు ఇష్టం లేదు. కోల్‌కతా దగ్గరి ఉత్తరపాడా ఫ్యాక్టరీలో 2014లోనే ఈ కారు తయారీ ఆగిపోయినా, పసుపు అంబాసిడర్ ట్యాక్సీలు ఇంకా కంటపడే ఊరు కోల్‌కతాయే కాబట్టి అక్కడికే వెళ్లాలని నిశ్చయించాను. పోర్టులో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరైన మా బావగారు మల్టీమీటరు సంచిలో వేసుకుని తోడు వచ్చారు.

రైలు ప్రయాణం హాయిగా గడిచింది. హౌరా స్టేషన్ ప్రీపెయిడ్ కౌంటరులో తీసుకున్న ట్యాక్సీ కూడా అంబాసిడరే కావడంతో, బావగారు ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా స్విచ్చులనే పరిశీలిస్తూ వచ్చారు.

న్యూ మార్కెట్ దగ్గర దిగిన లాడ్జి మాత్రం మా మనసు విరిచేసింది. ఫోనులో 1,400 అని చెప్పిన గదికి కౌంటరు దగ్గర 1,600 అడిగారు. వేడినీళ్లకు బకెట్టుకు 40 రూపాయలు విడిగా బిల్లులో రాశారు. రాత్రి పదకొండింటికి కరెంటు పోతే జనరేటరు వేయడానికి మనిషి లేడని చెప్పి తలుపు మూసుకున్నారు. ఉక్కపోతకు నిద్రపట్టని బావగారు మర్నాడు మధ్యాహ్నం దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ ప్రాంతంలో దిగదలచినవారు ముందు గది చూసి, అద్దె ఎంతో కాగితం మీద రాయించుకున్న తరువాతే డబ్బు ఇవ్వండి.

పార్క్ స్ట్రీట్ ఏజేసీ బోస్ రోడ్డును కలిసేచోట, 1767 నాటి పాత ఇంగ్లీషువాళ్ల శ్మశానవాటికకు దగ్గరలోనే మల్లిక్ బజార్ ఉంటుంది. పాత కార్ల విడిభాగాలకు పేరుపడిన ఆ సందుల్లో తలుపులు, స్టీరింగులు, మీటర్లు నేల నుంచి కప్పుదాకా పేర్చి ఉంటాయి. మొదటి వరుసలోని ఒక దుకాణదారు నిగనిగలాడే స్విచ్చు చేతికిచ్చి, పనిచేయకపోతే వెనక్కి తీసుకుంటానని మాట ఇచ్చి 700 రూపాయలు తీసుకున్నాడు. బయట బావగారు మీటరు ఆనిస్తే, లోపల కరెంటుకు దారి ఉందని తెలిపే బీప్ రాలేదు సరికదా, స్విచ్చు పట్టుకున్న బొటనవేలికి బూటు పాలిష్ అంటింది. వెనక్కి ఇవ్వబోతే, అది తాను అమ్మిన సరుకే కాదన్నాడు. డబ్బు కంటే, వయసులో అంత పెద్దవారైన బావగారిని అబద్ధాలకోరంటూ నలుగురిలో గద్దించడం నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆ కోపంతో వెనుదిరిగి వచ్చేయవలసినవాళ్లమే. కానీ సందు లోపల, గోడవారన బల్ల వేసుకుని కూర్చున్న ఒక ముసలి మెకానిక్కు మా చేతిలోని విరిగిన స్విచ్చులను తానే అడిగి తీసుకుని విప్పాడు. లోపల చిన్న స్ప్రింగు, దాని కొనన ఉన్న ప్లాస్టిక్ ముక్కు, ఉయ్యాల బల్లలా ఇటూ అటూ వాలే ఇత్తడి రేకు అన్నీ బాగానే ఉన్నాయి. విరిగింది మీట రెండు పక్కలా ఉండే సన్నటి ప్లాస్టిక్ ఇరుసులు మాత్రమే. ఆయన మీటకు అడ్డంగా 2 మిల్లీమీటర్ల రంధ్రం తొలిచి, సైకిలు స్పోకు ముక్కను కోసి అందులో ఇరుసుగా దూర్చాడు. నల్లబడిన ఇత్తడి రేకును సన్న ఎమెరీ కాగితంతో రుద్ది, కొద్దిగా వ్యాజిలీన్ రాశాడు. స్విచ్చుకు 120 చొప్పున తీసుకున్నాడు. బావగారు మీటరు పెట్టి చూసి, బీప్ విని, ఆ పెద్దాయన చేతులు పట్టుకున్నారు. పార్క్ సర్కస్ వైపు నడిచి వెళ్లి తిన్న, బంగాళాదుంప వేసిన మటన్ బిర్యానీ (320 రూపాయలు) బావగారి అలకను పూర్తిగా తీర్చేసింది.

కాబట్టి విరిగిన స్విచ్చును ఎవరూ పారేయవద్దు. అసలు ఇరుసు కొలత దానిలోనే ఉంటుంది. ఇంట్లో ఫెవిక్విక్‌తో అతికిస్తే చుట్టూ తెల్లటి పొర కట్టడమే కాక, జిగురు ఇరుసులోకి జారి మీట బిగుసుకుపోతుంది. మీటను త్రీడీ ప్రింటింగ్ చేయించేవారు పీఎల్ఏ అనే ప్లాస్టిక్ వద్దని గట్టిగా చెప్పాలి. అది సుమారు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది, ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు అంతకు మించి కాగుతుంది. ఏబీఎస్ అనే ప్లాస్టిక్ అయితే తట్టుకుంటుంది.

ఆ మెకానిక్కు చెప్పిన మరొక మాట అన్నిటికంటే విలువైనది. మా కారులో హెడ్‌లైట్ల కరెంటు నేరుగా స్విచ్చు గుండానే పోతుంది. 55 వాట్ల బల్బులు రెండంటే 12 వోల్టుల మీద 9 ఆంపియర్లు దాటుతుంది. పాతబడి వదులైన రేకు ఆ కరెంటుకు కాగి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను పెళుసుగా మారుస్తుంది. మధ్యలో రిలే (స్విచ్చు నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటుతో పెద్ద కరెంటును కలిపే పరికరం) పెడితే స్విచ్చు మీద ఆ భారం దాదాపు పడదు. విశాఖ తిరిగి రాగానే బావగారే 180 రూపాయల రిలే తెచ్చి, ఫ్యూజు కూడా చేర్చి బిగించారు; ఇప్పుడు గంటసేపు లైట్లు వేసి ఉంచినా ఆ స్విచ్చు వేలికి చల్లగానే తగులుతోంది.