సింహళ ఈటెలు కొనేవారికి హెచ్చరిక: క్యాండీ కాలం నాటిదంటే ముందు కాగితాలు అడగండి

పాత ఆయుధాలు సేకరించే మన తెలుగువారిలో కొందరి చూపు ఈమధ్య సింహళ ఈటెల మీద పడింది, ముఖ్యంగా పటిస్థానయ అనే రకం మీద. నడుమ పొడవాటి అలుగు (ఈటె మొన), ఇరుపక్కలా రెక్కల్లా విచ్చుకున్న నగిషీ, ఎరుపు పసుపు లక్క పట్టీల కర్ర. యుద్ధంలో పొడవడం కంటే అధికారుల ముందు ఠీవిగా మోసుకెళ్లడానికి చేసినవి. ఇంటర్నెట్‌లో అమ్మే ఒక వ్యాపారి నాకు అలాంటిదే ఒకటి అంటగట్టాడు. పేరు చెప్పను గానీ పద్ధతి చెబుతాను.

ఎర మనకోసమే వేశాడు. ‘మీ నాయక రాజుల కాలం నాటిది’ అన్నాడు. 1739 నుంచి 1815 వరకు శ్రీలంక నడిమి కొండల్లోని క్యాండీ రాజ్యాన్ని ఏలింది మదురై వైపు నుంచి వెళ్లిన తెలుగు మూలాల నాయక రాజులే. చివరివాడు శ్రీవిక్రమ రాజసింహుడు వేలూరు కోటలో బందీగా ఉండి 1832లో కన్నుమూశాడు. ఇదంతా నిజమే, కానీ ఈ చరిత్ర ఏ ఈటెకూ సాక్ష్యం పలకదు. చేసింది సింహళ పనివారు. రాజు తెలుగువాడైనంత మాత్రాన అలుగు మీద తెలుగుతనం ఉండదు.

పార్సిల్ విప్పగానే గుప్పున పెయింటు వాసన. ఏటికొప్పాక బొమ్మ చేతపట్టినవారికి లక్క నునుపు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. సింహళంలోనూ కర్రను తరిణి (లేత్) మీద తిప్పుతూ లక్కను వేడికి పట్టిస్తారు, సన్న గీతలను గోటితో అద్దుతారు. నాకు వచ్చినదాని పసుపు పట్టీ అంచున కుంచె వెంట్రుక ఒకటి రంగులోనే అతుక్కుని ఉంది. కనిపించని చోట ఒక్క చుక్క స్పిరిట్ అద్దాను. లక్క అయితే జిగురుగా కరగాలి, ఇది చెక్కుచెదరలేదు. అలుగు కింది గొట్టంలోకి టార్చి వేస్తే నిలువునా పోత గీత (అచ్చులో పోసిన గుర్తు), దాని అడుగున తెల్లటి కొత్త కొయ్య. తుప్పు దూదికి పొడిలా రాలింది. అసలు పనిలో ఇనుము మీద సన్నటి గాట్లు పెట్టి, వెండి రేకును వాటి మీద కొట్టి పట్టిస్తారు. అరిగినచోట ఆ గాట్లు బయటపడతాయి. దీని ‘వెండి’ గోటితో గీకితే పొరలా లేచింది, కింద నున్నటి లోహం.

క్యాండీలో జరిగే ఎసల పెరహెర ఊరేగింపులో మోసినదని ఫొటో చూపిస్తే మురిసిపోకండి. అది ఇప్పటికీ ఏటా జరిగే వేడుక, అందులో కొత్తవీ మోస్తారు.

వీటన్నిటికన్నా ముందు చూడాల్సింది కాగితాలు. శ్రీలంక 1940 నాటి పురావస్తు చట్టం 1815 మార్చి 2కు ముందు నాటి వస్తువులను పురావస్తువులుగా లెక్కగట్టింది. ఆ తేదీ క్యాండీ రాజ్యాన్ని బ్రిటిష్‌వారికి అప్పగించిన క్యాండీ ఒప్పందం జరిగిన రోజు. అలాంటివాటిని లైసెన్సు లేకుండా దేశం దాటించకూడదు. కాబట్టి ‘నాయకుల కాలం’ అని నోరు తెరిచినవాడు ఎగుమతి లైసెన్సో, చట్టానికి ముందే వస్తువు బయటికి వెళ్లిందని చూపే పాత వేలం జాబితా లాంటిదో చూపించాలి. 1815లో, ఆపై అక్కడి 1818 తిరుగుబాటు అణచివేతలో తెల్లవారు పట్టుకుపోయిన సరుకు బ్రిటన్‌లో ఉంది గనుక, అలాంటి ఆధారం అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు. రెండూ లేనప్పుడు అది నకిలీయో దొంగసరుకో తేల్చుకునే దారి కొనేవాడికి ఉండదు. నేను అడిగితే ‘కుటుంబ సేకరణ’ అని రెండు మాటలతో సరిపెట్టాడు. బిల్లులో మాత్రం ‘అలంకరణ వస్తువు’ అని రాశాడు!

భారత్‌కు తెప్పించుకునేవారు 1959 నాటి ఆయుధాల చట్టాన్నీ చూసుకోండి. ఈటె కూడా ఆయుధమే, కస్టమ్స్‌లో ఆగిపోవచ్చు.

కార్డు ఇచ్చిన బ్యాంకు ద్వారా పోరాడితే డబ్బు తిరిగి వచ్చింది, రవాణా ఖర్చు పోయింది. వెనక్కి వెళ్లిన ఈటె మళ్లీ అమ్మకానికి కనిపిస్తోంది. ఈసారి 17వ శతాబ్దపుదట, అంటే నాయకులు గద్దె ఎక్కకముందే! ఎడమ రెక్క కొస లోపలికి వంగి, గొట్టం అంచున సూదిమొనంత రంధ్రం ఉంటే అదే ఇది.