ఆఫ్రికా దేశం మలావీలో ఎయిడ్ (సహాయ సంస్థల) పని: ఊళ్ళోనే ఉండాలా, బోమాలో ఉండి వచ్చిపోవాలా?

బోమా అంటే అక్కడ జిల్లా కేంద్రం. అక్కడుంటే కరెంటు (పోతూ వస్తూ), మార్కెట్టు, బ్యాంకు, నెట్ అన్నీ దగ్గర, రిపోర్టులు టైమ్‌కి వెళ్తాయి. అంతవరకే.

అదే ఊళ్ళో అయితే పొద్దున్నే బకెట్ పట్టుకుని బోరింగ్ దగ్గర లైన్లో నిలబడాలి, కానీ అక్కడి భాష చిచేవాలో, వచ్చీరాకపోయినా, 'ములి బ్వాంజి' (ఎలా ఉన్నారు) అని ఆడవాళ్ళని పలకరిస్తే ఎవరింట్లో జ్వరం, ఎవరి పిల్ల బడి మానేసింది అన్నీ అక్కడే తెలిసిపోతాయి, ఏ మీటింగ్‌లోనూ అంత తెలీదు. తిండి న్సీమా, మొక్కజొన్న పిండితో మన సంకటిలాగే గట్టిగా కెలుకుతారు, చేత్తో ముద్ద చేసి కూరలో అద్దుకోవడమే, స్పూన్‌తో తినే తెల్లోళ్ళకి కష్టంగానీ మనకేంటి. రాత్రి దోమతెర తప్పదు, మలేరియాతో ఆటలొద్దు.

అసలు తేడా వానల్లో తెలుస్తుంది. దాదాపు నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా వానలే, మట్టిరోడ్డు బురదైతే బోమా నుంచి బండి కదలదు, సరిగ్గా జనవరి ఫిబ్రవరిల్లోనే పాత మొక్కజొన్న అయిపోయి, కొత్త పంట ఇంకా చేతికి రాక ఇళ్ళల్లో ఆకలి. మనిషి కావాల్సిన టైమ్‌లో మనిషి ఉండడన్నమాట. అమెరికా ప్రభుత్వ సేవా సంస్థ పీస్ కోర్ వాలంటీర్లు ట్రైనింగ్‌తో కలిపి 27 నెలలు జనం మధ్యే ఉండేది ఊరికే కాదు.

నా ఓటు ఊళ్ళో ఉండడానికే. చంటిపిల్లలుంటే మాత్రం బోమానే, హాస్పిటల్ దగ్గర.