కడపలో యూత్ కాన్ఫరెన్స్: బస, భోజనం, ప్రార్థన

మా సంఘంలో ఆదివారం ఆరాధనకు కీబోర్డు వాయించేది నేనే. కొన్నాళ్ళుగా వేళ్ళు పాట వెంట పోతున్నాయి గానీ మనసు పోవడం లేదు. మోకరిస్తే మాట రాదు. లోపలంతా ఎండిపోయినట్టుంది. అలా ఉండగానే ఈ వేసవిలో అనంతపురం నుంచి కడపలో జరిగే క్రైస్తవ యూత్ కాన్ఫరెన్సుకు బయలుదేరాను.

తాడిపత్రి, ముద్దనూరు, ఎర్రగుంట్ల మీదుగా బస్సులో వెళ్ళాను. మధ్యాహ్నం ఎండలో అది నరకమే. తెల్లవారుజామునే ఎక్కడం మంచిది. గుత్తికి వెళ్ళి రైలు పట్టుకున్నా కడపలో దిగొచ్చు. 19వ శతాబ్దంలో లండన్ మిషనరీ సొసైటీ పనిచేసిన ఊరు కడప. ఇప్పుడు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) రాయలసీమ డయోసిస్ కేంద్రం కూడా ఇదే. ఇలాంటి కూడికలు ఇక్కడివాళ్ళకు కొత్త కాదు.

మగపిల్లలకు బస ఒక పెద్ద హాల్లో ఇచ్చారు. కింద కడప బండలు, పైన తిరిగీ తిరగని ఫ్యాన్లు. రాత్రి పదకొండు దాటినా బండల వేడి దుప్పటిలోంచి వీపుకు తగులుతూనే ఉంది. పొద్దున బాత్‌రూముల దగ్గర నీళ్ళు అయిపోయి ట్యాంకర్ వచ్చేదాకా అందరం బకెట్లు పట్టుకుని నిలబడ్డాం. నిద్ర తేలిక అయినవాళ్ళు బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకోవడమే మేలు. భోజనానికి మాత్రం వంక పెట్టలేం. పొద్దున ఉగ్గాని బజ్జీ, ఒక రాత్రి సంగటి, చెనిక్కాయల చట్నీ. వడ్డించే అక్కలు కడుపు నిండిందని చెప్పినా వినలేదు.

రాత్రి కూడికలు నాకు ఎక్కలేదు. సౌండ్ బాక్సుల హోరులో వాక్యం సగం వినపడలేదు, దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాలు గంటలు సాగాయి. పొద్దున ఆరింటికి వేపచెట్ల కింద చిన్న గుంపులుగా కూర్చునే ప్రార్థన వేరు. మా గుంపును నడిపింది ఒక రిటైర్డ్ నర్సమ్మ. ఆమె బైబిల్లోని ఏలీయా ప్రవక్త కథ తీసుకున్నారు. బదరీ చెట్టు కింద కూలబడి, చచ్చిపోతే బాగుండునన్న మనిషిని దేవుడు తిట్టలేదు, నిద్రపోనిచ్చాడు, లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు. తర్వాతే ప్రయాణం. ఇది చదివాక ఆమె నా ముఖం చూసి, "రాత్రి నిద్ర పోయినావా నాయనా?" అన్నారు. లేదమ్మా అన్నాను. "అయితే పోయి పండుకో. దేవుడు యాడికీ పోడులే."

ఆ రోజు మధ్యాహ్నం సెషన్ మానేసి వరండాలో పడుకున్నాను. లేచాక చాలా కాలానికి ప్రార్థన దానంతటదే వచ్చింది, ఏడుపూ వచ్చింది. అక్కడ నేను వాయించాల్సిన పాట లేదు, చూసుకోవాల్సిన మైకు లేదు. దేవుని ముందు ఊరికే ఉండడం ఎంత కాలమైందో అప్పుడు తెలిసింది.

ముగిశాక కొందరం జమ్మలమడుగు మీదుగా గండికోట వెళ్ళాం. పెన్నా లోయ చూడాలంటే సాయంత్రమే వెళ్ళాలి. టూరిజం వాళ్ళ హరిత హోటల్ ఉంది గానీ, సెలవు రోజుల్లో గది కావాలంటే ముందే బుక్ చేసుకోవాలి.

ఇలాంటి కాన్ఫరెన్సుకు పిల్లల్ని పంపే సంఘాలు స్టేజీ మీద ఎవరు మాట్లాడతారని కాదు, చిన్న గుంపులున్నాయా, విశ్రాంతికి వేళ ఉందా అని అడగండి. ఆడపిల్లల బస దగ్గర నీళ్ళ సంగతి కూడా ముందే కనుక్కోండి.