తొలి సోల్డరింగ్‌కు తగిన వస్తువు: పట్టీలున్న సీఆర్2025 బ్యాటరీ
నింటెండో 1999లో జపాన్‌లో విడుదల చేసిన పోకెమాన్ గోల్డ్, సిల్వర్ గేమ్ బాయ్ కార్ట్రిడ్జ్‌లలో (చేతిలో పట్టుకుని ఆడే గేమ్ పరికరంలో పెట్టే ఆట డబ్బీలలో) సేవ్ చేసిన ఆటను నిలిపి ఉంచేదీ, లోపలి గడియారాన్ని నడిపేదీ నాణెం ఆకారంలో ఉండే 3 వోల్టుల సీఆర్2025 బ్యాటరీయే కనుక, అది అయిపోతే ఆట చెరిగిపోతుంది. దాని స్థానంలో అమర్చడానికి లోహపు పట్టీలను ముందే వెల్డ్ చేసి అమ్ముతున్న ఈ బ్యాటరీని కొత్తగా సోల్డరింగ్ (టంకం కరిగించి లోహపు భాగాలను అతకడం) నేర్చుకునేవారికి నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ అనే ప్రత్యేక స్క్రూడ్రైవర్ మొనతో కార్ట్రిడ్జ్ స్క్రూ విప్పి, పాత టంకం కరిగించి, ప్లస్, మైనస్ గుర్తులు సరిచూసుకుని రెండే రెండు అతుకులు వేయాలి. పట్టీలు పలుచగా ఉండి టంకాన్ని త్వరగా పట్టుకోవడమే దీని అసలు గొప్పతనం. పట్టీలు లేని మామూలు బ్యాటరీ చవకే అయినా, దానికి నేరుగా సోల్డరింగ్ ఐరన్ ఆనిస్తే వేడికి పగిలే ప్రమాదం ఉంది కాబట్టి ఆ పొదుపు వద్దు. పాత బ్యాటరీ తీస్తే సేవ్ పోతుంది. అది విలువైనదైతే కార్ట్రిడ్జ్ రీడర్‌తో ముందే కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవాలి. ప్యాకెట్‌పై తయారీ తేదీ లేకపోవడం మాత్రం నాకు నచ్చలేదు.