హైబ్రిడ్ ఆంప్‌లో ట్యూబ్ ఎంత పని చేస్తుంది?
హైబ్రిడ్ ఆంప్ అంటే ట్యూబులు (గాజు వాల్వులు), ట్రాన్సిస్టర్లు రెండూ ఉన్న ఆడియో యాంప్లిఫయర్. ఇందులో ట్యూబులు సాధారణంగా ప్రీఆంప్ వరకే, అంటే సిగ్నల్‌ను మొదట పెంచే దశ వరకే. స్పీకర్లను నడిపేది ట్రాన్సిస్టర్లే. ట్యూబు వల్ల రెండో హార్మోనిక్ (అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీ) కాస్త కలవడంతో గాత్రం, వీణ నిండుగా వినిపిస్తాయి. మృదంగం దెబ్బ మాత్రం మంచి సాలిడ్ స్టేట్ ఆంప్‌లోనే (ట్యూబుల్లేకుండా ట్రాన్సిస్టర్లతోనే నడిచేది) తేటగా పలుకుతుంది. కొన్ని చౌక మోడళ్లలో ట్యూబ్ కింద ఎల్ఈడీ పెడతారు, ఆ నారింజ మెరుపుకి పడిపోకండి!

వాల్యూమ్ తగ్గించి, ట్యూబును పెన్సిల్‌తో మెల్లగా తట్టండి. స్పీకర్లో గట్టిగా టంగుమంటే అది మైక్రోఫోనిక్ (కదలికను శబ్దంగా మార్చేస్తున్న ట్యూబు), మార్చాల్సిందే. ట్యూబు రకాల్లో 12ఏఎక్స్7 చోట 12ఏయూ7 దిగుతుంది గానీ యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ (సిగ్నల్‌ను పెంచే సామర్థ్యం) 100 నుంచి సుమారు 20కి పడిపోతుంది, వాల్యూమ్ తగ్గుతుంది. 6డీజే8 కూడా అదే తొమ్మిది పిన్నుల సాకెట్లో కూర్చుంటుంది, అక్కడే ప్రమాదం: దాని హీటర్ (ట్యూబును వేడెక్కించే తీగ) 6.3 వోల్టులది, 12ఏఎక్స్7 కోసం 12.6 వోల్టులు ఇచ్చే సాకెట్లో పెడితే మాడిపోతుంది.

బడ్జెట్ తక్కువైతే ట్యూబు మోజు వదిలి, సాలిడ్ స్టేటే కొనండి.